సంబంధం: కండక్టరు

సన్యాసినాయుడి గుండె పెళ్లాం మాట వినడం లేదు.

ఇది ఎకసెక్కానికి అంటున్న మాట కాదు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీద, గుండె పరిశోధనశాల రెండో అంతస్తులో, నాలుగు రోజులుగా తెర మీద రెండు గీతలు నడుస్తున్నాయి. ఆకుపచ్చ గీత వరాలమ్మది. పసుపు గీత ఆమె మొగుడు నాయుడిది. పచ్చ గీత ఎంత నింపాదిగా నడిచినా పసుపు గీత తన గంతులు తనవే అన్నట్టుంది. రెండూ కలిస్తే నాయుడు బతుకుతాడు. కలవకపోతే ఏమవుతుందో డాక్టర్ హిమబిందుకి అందరికంటే బాగా తెలుసు. ఆ పద్ధతిని కనిపెట్టింది ఆమే. నాయుడికీ వరాలమ్మకీ ఉన్న ఒక్కగానొక్క కూతురూ ఆమే.

కనిపెట్టిందంటే పెద్ద యంత్రమేమీ కాదు, అప్పడమంత పట్టీలు రెండు. ఒకటి ఆరోగ్యంగా ఉన్న మనిషి ఛాతీకి అతికిస్తారు. ఊపిరితో పాటు ఆ మనిషి గుండె ఎంత నెమ్మదిగా తగ్గి పెరుగుతోందో అది చదువుతుంది. రెండోది రోగి చెవి వెనక, గుండెదాకా పోయే నరం మీద ఉంటుంది. మొదటి పట్టీ చదివిన నెమ్మదిని రెండోది ఆ నరం మీద చిన్నగా తడుతూ ఉంటుంది. బెదిరిపోయిన గుండె ఆ తట్టు పట్టుకుని నడక నేర్చుకుంటుంది. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేస్తే పాలన్నీ తోడుకున్నట్టే. అందుకే దానికి తోడు పట్టీ అని పేరు పెట్టింది బిందు.

ఆ ఆలోచన ఆమెకు ఆస్పత్రి వార్డుల్లోనే వచ్చింది. ఒకే రకం పోటు వచ్చిన ఇద్దరికి ఒకే మందు ఇచ్చి ఇంటికి పంపితే, గుమ్మంలో పదిమంది వచ్చి పలకరించే మనిషి లేచి తిరిగేవాడు. గోడలకేసి చూస్తూ కూర్చునేవాడు ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చేవాడు, కొందరు రాకుండానే పోయేవారు. మనుషుల తోడు మందైతే ఆ మందును నేరుగా గుండెకే ఎందుకు ఇవ్వకూడదు అనుకుంది. మూడేళ్లు కష్టపడింది. పదిమంది మీద ప్రయత్నిస్తే ఆరుగురికి జత కుదిరింది. నలుగురికి కుదరలేదు, వాళ్లలో ఇద్దరు చనిపోయారు. ఆ రెండు పేర్లూ ఆమె బల్ల సొరుగులోనే ఉంటాయి.

పదకొండో మనిషిగా కన్నతండ్రే వస్తాడని మాత్రం ఆమె అనుకోలేదు.

నాయుడు ఆర్టీసీ డ్రైవరు. పాడేరు ఘాటీలో ముప్ఫై నాలుగేళ్లు బస్సు నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు. రిటైరై ఆరేళ్లయింది. ఆ తరవాత ఘాటీ మీదికి డ్రైవరు లేని బస్సులొచ్చాయి, డిపోలో మనుషులు తలో దిక్కూ పోయారు. నాయుడు మధురవాడలో కూతురి ఫ్లాటుకి వచ్చాడు. తొమ్మిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని కింద రోడ్డు మీద పోయే బండ్లను చూడటమే పని. "నలుగురిలో కలువు నాన్నా, కింద పార్కుకి వెళ్లు నాన్నా" అని బిందు చెబుతూనే ఉండేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. ఊరందరికీ గుండె బాగుచేసే డాక్టరు మాట ఇంట్లో చెల్లలేదు. పోయిన సోమవారం ఆ బాల్కనీలోనే కుప్పకూలాడు.

రక్తనాళం తెరిచారు. గుండె కొట్టుకుంటోంది. కానీ నిలకడ లేదు, ఉన్నట్టుండి నూట డెబ్భై, నూట ఎనభైకి పోతుంది. నాలుగు రోజుల్లో ఏడుసార్లు కరెంటు షాక్ ఇచ్చి దారికి తెచ్చారు.

"ఇంకో రెండు మూడు తట్టుకుంటాడేమో. ఆపైన కండరం ఓర్చుకోదు" అంది పరిశోధనశాల పెద్ద డాక్టర్ మెహరున్నీసా. ఆవిడ అబద్ధం ఆడదు, మాట మెత్తగానూ చెప్పదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంకోటి జరిగింది. క్యాంటీన్ నుంచి తెచ్చిన పెరుగన్నం కలుపుతూ వరాలమ్మ చెయ్యి వణికింది. బిందు తెర వంక చూసి నిర్ఘాంతపోయింది. పసుపు గీత పచ్చ గీతలా మారడం లేదు సరిగదా, పచ్చ గీతే పసుపు గీతలా గంతులు మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"నిన్నట్నుంచి కాస్త దడగా ఉంది. చెబితే పట్టీ తీసీస్తావని చెప్పనేదు." వరాలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. "నలభై ఏళ్లు మోసినాను, ఇంకో నాలుగు రోజులు మోయలేనేటి?"

పట్టీ చదివే నెమ్మది ఊరికే రాదని, ఇచ్చేవాళ్ల ఒంట్లోంచి తరుగుతుందని బిందుకి అనుమానం ఉండేది. పాత రోగుల భార్యలు నెలల తరబడి నీరసమని వస్తే బెంగ అనుకుని బలం మాత్రలు రాసింది. ఇప్పుడు అమ్మ చేతిలో ముద్ద వణుకుతుంటే అర్థమైంది. ఆ ఆరుగురూ బతికింది ఉత్తినే కాదు. ఎవరో ఒకరు ఇంట్లో చప్పుడు చేయకుండా చెల్లించుకున్నారు.

అప్పటికప్పుడు అమ్మ పట్టీ తీసేసి తనకి అతికించుకుంది. పది నిమిషాలకే నాయుడి గుండె నూట అరవై దాటింది. భయపడే గుండె ఇంకో గుండెకి ఏమిస్తుంది? భయాన్నే ఇస్తుంది. మెహరున్నీసా స్వయంగా వచ్చి ఆ పట్టీ ఊడబీకింది.

"ఇక రక్తసంబంధం ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్."

అదీ వాళ్లు పెట్టుకున్న నియమం. తోడు ఇచ్చేవాళ్లు భార్యో భర్తో, కాకపోతే రక్తసంబంధమో అయి తీరాలి. ఆ నియమం ఎవరు పెట్టారంటే బిందే పెట్టింది. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చునేది ఇంటివాళ్లే కదా, సంతకం పెట్టేదీ వాళ్లే కదా. ఇంతకంటే పెద్ద తోడు ఇంకెవరుంటారని ఆమె ఎన్నడూ అనుమానించలేదు. పరామర్శకి వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపించింది కూడా ఆమే.

వరండాలో అమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది బిందు. వరాలమ్మ ఏడవలేదు. కొంగుతో కూతురి ముక్కు తుడిచి, "సుభద్రకి ఫోన్ చెయ్యి" అంది.

"ఏ సుభద్ర?"

"పాంగి సుభద్రే. మీ నాన్న బస్సులో కండక్టరు. ఇరవై ఏళ్లు ఆ బస్సులోనే ఆవిడ. మీ నాన్న నాతో ఒక్క పూట నిలబడి మాటాడేడా? ఇల్లు కట్టుకుందామంటే వినలేదు, బీపీ మాత్రేసుకోమంటే వినలేదు. ఆవిడ బెల్లు మాత్రం విన్నాడు. ఒకటి కొడితే ఆగడం, రెండు కొడితే కదలడం. రోజుకి ఎనిమిది గంటలు, ఇరవై ఏళ్లు. వినడం అలవాటైన గుండెకి ఎవరి మాట వినబడుద్దో నువ్వే సెప్పు."

మొగుణ్ణి ఇంకొకరి మాటకి అప్పగిస్తున్నందుకు ఆమె ముఖంలో ఉక్రోషమేమీ లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"మరి రిటైరయ్యాక ఆవిడ ఒక్కసారైనా రాలేదేం?"

వరాలమ్మ చెప్పింది. ఆఖరి డ్యూటీ రోజు డిపోలో సన్మానం. పూలదండలు, పెద్దవాళ్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. బస్సు ఆలస్యమైంది. ఘాటీలో వంట్లమామిడి ఊరు దాటాక మూడో మలుపులో మూటతో ఒక ముసలామె చెయ్యెత్తింది. సుభద్ర ఒక బెల్లు కొట్టింది. నాయుడు ఆపలేదు. మళ్లీ కొట్టింది. ఆపలేదు. అదే ఆ రోజుకి ఆఖరి బస్సు, వాన కూడా పడుతోంది. సుభద్ర సన్మానానికి రాకుండా బస్టాండు నుంచే ఇంటికి వెళ్లిపోయింది.

"ఇంటికొచ్చి దండలు మూలన పడేసి, 'ఇరవై ఏళ్లలో ఒక్కసారి వరాలూ' అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తనేదు. సిగ్గు తిన్నాది మీ నాన్నని."

బిందు ఫోన్ చేసింది. అవతలి గొంతు రాయిలా ఉంది.

"నానెందుకు రావాల? బెల్లు కొడితే ఆగని మనిసికి నాతో పనేటి?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి గేటు దగ్గర వాచ్‌మన్‌తో పెద్ద గొడవ. చేతిసంచీలో సీతాఫలాలు పెట్టుకుని, యాభై తొమ్మిదేళ్ల మనిషి నడుం బిగించి నిలబడింది. "లోపలికి పోనియ్యవేటి? ఇరవై ఏళ్లు నూరు మందిని బస్సెక్కించినాను. నువ్వొక్కడివి నన్ను ఆపుతావా?"

బిందు పరుగెత్తుకెళ్లింది. సుభద్ర ఆమెను ఎగాదిగా చూసింది.

"నాయుడన్న కూతురివా? మూతి అచ్చం అలగే ఉంది. పద."

కాగితం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. తోడు ఇచ్చేవారి పేరు, వయసు, రోగితో సంబంధం. బిందు కలం ఒక్క క్షణం ఆగింది. తరవాత స్పష్టంగా, గుండ్రంగా రాసింది: కండక్టరు.

మెహరున్నీసా ఆ కాగితం రెండుసార్లు చదివింది. "నియమాల కమిటీ నన్ను పీకి పాకం పెడుతుంది."

"ఈవిడ లేకపోతే ఇక ప్రయత్నించడానికి ఏమీ లేదు మేడమ్. నియమం రాసిందాన్ని నేనే, తప్పు రాశాను."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి సంతకం పెట్టింది.

పట్టీ అతికించగానే ఈసారి పచ్చ గీతగా సుభద్ర గీత తెర మీద చల్లగా పరుచుకుంది. ఇంత నిదానమైన గీతను బిందు ఇంతవరకూ చూడలేదు. అంత నోరున్న మనిషి లోపల అంత నెమ్మది ఎక్కడ దాచుకుందో! అయినా అరగంట గడిచినా పసుపు గీతకి పట్టింపు లేదు. కళ్లు మూసుకుని పడుకున్న నాయుణ్ణి చూసి సుభద్ర తిట్లు లంకించుకుంది.

"ఏటి నాయుడన్నా ఇలగైపోనావు? పలకరించడానికి నోరు రానేదా ఆరేళ్లు? నానూ పలకరించనేదనుకో. నాది మొండితనం. నీదేటి?"

నాయుడి కనుకొలకుల్లో నీళ్లు ఊరాయి గానీ కళ్లు తెరవలేదు. అంతలోనే తెర నుంచి హెచ్చరిక మోత మొదలైంది. నూట నలభై. నూట డెబ్భై. నూట ఎనభై రెండు. నర్సు షాక్ యంత్రం లాగింది. "పక్కకి జరగండమ్మా!"

సుభద్ర జరగలేదు. మంచం ఇనుపకమ్మి వంక చూసింది. తన వేలి ఉంగరం వంక చూసింది. చెయ్యెత్తి కమ్మి మీద ఒక్కటి కొట్టింది.

టంగ్.

దుప్పటి కింద నాయుడి కుడికాలు కదిలింది. మునివేళ్లు ముందుకు సాగి, పాదం బలంగా కిందికి నొక్కుకుంది. లేని బ్రేకు మీద, ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు.

"ఆగండి" అంది బిందు నర్సుతో. షాక్ యంత్రానికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి, ఆగండి!"

నూట అరవై.

"అదీ. ఆగు నాయుడన్నా" అంది సుభద్ర. ఇప్పుడు ఆ గొంతులో తిట్టు లేదు, బస్సు వెనక మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నట్టుంది. "ముసల్ది మూట ఎత్తుకుంతంది. తొందరేటి? ఆగు. ఒక కాలు పెట్టింది. కమ్మి పట్టుకో తల్లీ. ఆగు నాయుడన్నా, ఇంకో కాలు పెట్టనీ."

నూట ముప్ఫై. నూట పది. తొంభై ఆరు. పసుపు గీత ఒక్కో గంతూ తగ్గించుకుంటూ వచ్చి, పచ్చ గీత పక్కన చేరి, దాని మీద వాలింది. రెండు గీతలు కలిసి ఒకటే గీత అయ్యాయి. సుభద్ర ఇంకాస్త ఆగి, కమ్మి మీద రెండుసార్లు కొట్టింది.

టంగ్ టంగ్.

"రైట్ రైట్. పోనీ."

పాదం మెల్లగా లేచింది. గీత చెదరలేదు. డెబ్భై ఎనిమిది దగ్గర, నున్నటి రోడ్డు మీద బండిలా సాగింది.

నాయుడు కళ్లు తెరిచాడు. "ఆ రోజు..." సుభద్ర వైపు తిరిగాడు. "ఆ రోజు ఆపనేదు సుభద్రమ్మా."

"ఈ రోజు ఆపినావు కదా" అంది సుభద్ర. తరవాత ఆ నోరున్న మనిషే కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ వరాలమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బిందు మాత్రం సిగ్గు విడిచి, మెహరున్నీసాని కౌగిలించుకుని గంతులేసింది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. సాయంత్రానికి సుభద్ర గీత అంచులు అరగడం మొదలైంది. ఇంకా మూడు వారాలు తోడు కావాలి. ఒక ఇంటి మనిషిని కాపాడుకోవడానికి ఇంకొకరి ఇంటి మనిషిని అరగదియ్యాలా? బిందు పట్టీ తీయబోయింది.

"ఉండు" అంది సుభద్ర. "నా డ్యూటీ ఎనిమిది గంటలు. నా రిలీవరేడి?"

"రిలీవరా?"

"ఏ లోకంలో ఉన్నావమ్మా? ఒకడే రోజంతా నడిపితే బండీ పోతాది, మనిసీ పోతాడు. డిపో అంటే డ్యూటీ చార్టు. కాగితం తే."

అరగంట ఫోన్లు చేసింది. మర్నాటికి నాయుడి గది గోడ మీద చార్టు వెలిసింది. మెకానిక్ గవరయ్యకి పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది. బస్టాండులో టీకొట్టు నడిపిన కాసులమ్మకి పది నుంచి. ఎగువ రూటు డ్రైవరు జోసెఫ్‌కి మధ్యాహ్నం. ఎవరి వేళకి వాళ్లు ఠంచనుగా వచ్చారు, ఒకరు ఆలస్యమైతే ఇంకొకరు గొణుక్కుంటూ ఓవర్‌టైం చేశారు. వరాలమ్మకి విశ్రాంతి ఇద్దామంటే ఒప్పుకోలేదు. "ఎనిమిదింటికి కాఫీ టైము. అది నాది. ఎవరికీ ఇవ్వను." ఇచ్చారు. విచిత్రంగా, ఈసారి ఆమె మాట కూడా ఆ గుండె వింది. ఒకసారి వినడం మొదలెడితే అందరి మాటా వింటుందేమో.

బిందు తెర ముందు కూర్చుని లెక్క చూసుకుంది. రెండు గంటలకి మించి ఇవ్వకపోతే ఎవరి గీతా అరగడం లేదు. తరిగినది తెల్లారేసరికి తిరిగి ఊరుతోంది. పైగా అందరూ ఒకచోట చేరి పాత కబుర్లు చెప్పుకున్న రోజున, ఇచ్చేవాళ్ల గీతలే మునుపటికంటే చక్కబడుతున్నాయి. మూడేళ్లు తల బద్దలుకొట్టుకున్నా ఆమెకు దొరకనిది డిపో గోడ మీద యాభై ఏళ్లుగా వేలాడుతోంది.

ఇరవై రెండో రోజు నాయుడు లిఫ్టు వద్దని మెట్లు దిగి ఇంటికి వెళ్లాడు. కాగితంలో నియమం మారింది. సంబంధం అన్నచోట ఏమైనా రాయవచ్చు, ఎంతమందినైనా రాయవచ్చు. ఆ తరవాత వచ్చిన నలభై మందిలో ముప్ఫై ఏడుగురికి జత కుదిరింది. ఆ కాగితాల్లో బిందు చిత్రమైన మాటలు చదివింది. క్షురకుడు. చదరంగం జోడీ. ఒకావిడకైతే, కొళాయి దగ్గర పాతికేళ్లుగా పోట్లాడుతున్న ఎదురింటామె. ఆమె వచ్చి తిట్టడం మొదలెట్టిన రెండో నిమిషంలో గీతలు కలిశాయట. ఇదివరకు జత కుదరక మిగిలిన ఇద్దరినీ బిందు వెతికి మరీ పిలిపించింది. సొరుగులోని రెండు పేర్ల ఇళ్లకీ స్వయంగా వెళ్లి, తన నియమం ఎక్కడ తప్పిందో చెప్పి, చేతులు పట్టుకుని క్షమాపణ అడిగింది. ఒక ఇంట్లో తలుపు మూశారు. ఇంకో ఇంట్లో మంచినీళ్లు ఇచ్చారు. రెండూ ఆమెకు న్యాయంగానే తోచాయి.

ఆరు నెలల తరవాత ఒక ఆదివారం, నాయుడు పట్టుబట్టి పాడేరు బస్సెక్కాడు. పక్క సీట్లో సుభద్ర, వెనక సీట్లో వరాలమ్మ, బిందు. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. బస్సు తనంతట తాను మలుపులు తిరుగుతుంటే నాయుడు ప్రతి మలుపుకీ కాలు నొక్కుతూ, "గేరు లేటు. ఛ, గేరు లేటు" అని గొణుక్కుంటున్నాడు. జాగ్రత్త కోసం నాన్న ఛాతీకి అతికించిన పట్టీ పంపే గుండె అంకె బిందు ఫోన్లో కనిపిస్తోంది. డెబ్భై రెండు.

వంట్లమామిడి దాటాక మూడో మలుపు. పొగమంచులో నెత్తిన మూటతో ఒక ముసలామె నిలబడి చెయ్యెత్తింది. ఆ రోజు మనిషి కాదు, ఇంకెవరో. అక్కడ స్టాపు లేదు. యంత్రానికి స్టాపు లేనిచోట మనిషి ఉన్నా లేనట్టే. బస్సు సాగిపోతోంది.

సుభద్ర ఉంగరం కమ్మి మీద ఒక్కసారి మోగింది.

నాయుడు లేచాడు. రెండు అంగల్లో ముందుకు పోయి, గాజు మూత ఎత్తి, ఎర్ర మీట నొక్కాడు. బస్సు మర్యాదగా పక్కకి తీసి ఆగింది. "అత్యవసర నిలుపుదల. కారణం తెలపండి" అంది పైనుంచి ఒక ఆడగొంతు.

"పాసింజరు" అన్నాడు నాయుడు.

తలుపు తెరుచుకుంది. అతను మెట్టు దిగి ముసలామె నెత్తి మీంచి మూట అందుకున్నాడు. "నిదానంగా ఎక్కు తల్లీ, తొందరేటి లేదు" అన్నాడు. ఆమె రొప్పుతూ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

బిందు ఫోన్ వంక చూసింది. డెబ్భై రెండే. ఇక చూడక్కర్లేదని దాన్ని సంచీలో పడేసింది.

సుభద్ర బస్సంతా ఒకసారి కలయజూసి, కమ్మి మీద రెండు కొట్టింది.